డార్విన్ రేవులో విన్న హెచ్చరికలు



ఆస్ట్రేలియా అనగానే మనలో చాలామందికి సిడ్నీ నగరము, కంగారూలు, గొర్రెల మందలు గుర్తుకు వస్తాయి. కాని ఆ దేశపు ఉత్తరపు అంచున డార్విన్ అనే రేవు పట్టణము ఒకటి ఉన్నది. భూమధ్యరేఖకు మన చెన్నై ఎంత పైన ఉన్నదో, ఈ ఊరు ఇంచుమించు అంతే కింద ఉన్నది. అక్కడ మంచు కురవదు, చలికాలము అనేది లేదు. నవంబరు నుండి ఏప్రిల్ వరకు వానలు, మే నుండి అక్టోబరు వరకు పొడి ఎండలు. ఇళ్ళ పెరళ్ళలో మామిడి, కొబ్బరి, బొప్పాయి, దేవగన్నేరు చెట్లు కనిపిస్తాయి. మనకు వేసవిలో వచ్చే మామిడిపండు వారికి అక్టోబరు, నవంబరు నెలలలో వస్తుంది. సిడ్నీకంటె ఇండోనేషియాలోని జకార్తాయే ఆ ఊరికి దగ్గర. జనాభా సుమారు లక్షా నలభై వేలు మాత్రమే.

మేము అక్కడికి వెళ్ళింది ఊరు చూచే సరదాతో మాత్రమే కాదు. మా అమ్మాయి ఆ ఊరిలో నర్సుగా పనిచేస్తున్నది. అల్లుడు, పదేండ్ల మనుమడు ఆమెతో ఉన్నారు. దేవుని కృపను బట్టి 2024 జూలై మొదటి వారములో సింగపూరు మీదుగా అక్కడికి చేరి, సెప్టెంబరు చివరి వరకు వారి ఇంట ఉన్నాము. వెళ్ళేటప్పుడు మా మనస్సులో ఒక భయము ఉన్నది. దానిని దాచకుండా మీతో చెప్పుకొనవలెను.

మేము దివిసీమ వాళ్ళము. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయిన సంగతి మీలో పెద్దవారికి తెలుసు. అప్పుడు మేము ప్రక్క ఊరి బడిలో క్రొత్తగా చేరిన ఉపాధ్యాయులము. బడి డాబా మీదికి ఎక్కి బ్రతికాము. మా ఇంటివారిలో ఏడుగురు మాత్రము మాకు దక్కలేదు. తుఫాను వస్తున్నదని ఆ ఉదయము ఎవరో చెప్పి వెళ్ళారట. "ప్రతి ఏడూ చెప్పేదే గదా" అని మా ఇంటి పెద్ద అన్నాడట. ఆ మాట బ్రతికి బయటపడిన ఒక పిల్లవాని నోట విన్నాము. నలభై ఏడేండ్లు గడచినా మరువలేదు.

కాబట్టి అమ్మాయికి డార్విన్‌లో ఉద్యోగము వచ్చిందని తెలిసి, ఆ ఊరు కూడా ఒకనాడు తుఫానుకు తుడిచిపెట్టుకుపోయిందని అల్లుడు చెప్పినప్పుడు మా గుండె జారిపోయింది. ఒక తుఫాను నేల విడిచి వేరొక తుఫాను నేలకు పోతున్నారే అనుకున్నాము. అక్కడ మన బిడ్డలు క్షేమముగా ఉండగలరా? దీనిని కన్నులారా చూచి తెలుసుకోవాలనే వెళ్ళాము.

ముందుగా ఆ ఊరి పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పవలెను. అది అనాదిగా లారాకియా అనే ఆదివాసుల నేల. 1839లో బీగిల్ అనే ఇంగ్లీషు ఓడ ఆ రేవులోనికి వచ్చినప్పుడు, అంతకు ముందు అదే ఓడలో ప్రయాణము చేసిన చార్లెస్ డార్విన్ అనే శాస్త్రజ్ఞుని పేరు దానికి పెట్టారు. ఆయన మాత్రము ఆ రేవును ఎన్నడూ చూడలేదు! ఆ పేరు వినగానే మన సంఘములలో కొందరు కనుబొమలు ముడుస్తారు గాని, పట్టణము దోషమేమున్నది? 1869లో వీధులు కొలిచి ఊరు కట్టారు. మొదట పామర్‌స్టన్ అని పిలిచి, 1911లో డార్విన్ అన్నారు.

మేము చేరిన మొదటి ఆదివారము సాయంకాలము మిండిల్ అనే సముద్రతీరమునకు తీసుకొని వెళ్ళారు. ఎండకాలములో గురు, ఆదివారములలో అక్కడ సంత జరుగుతుంది. థాయిలాండు, తైమూరు, శ్రీలంక, గ్రీసు దేశస్థులు ఎవరి వంటలు వారు వండి అమ్ముతున్నారు. వేలమంది జనము ఇసుకలో కూర్చుండి, సూర్యుడు సముద్రములోనికి దిగుట చూస్తున్నారు. నీరు తేటగా, చెరువువలె నిశ్చలముగా ఉన్నది. అయినను నీటిలోనికి దిగినవాడు ఒక్కడును లేడు!

"తాతయ్యా, అక్కడికి వెళ్ళవద్దు, ఆ బోర్డు చూడు" అని మనుమడు చెయ్యి పట్టుకొని లాగాడు. పసుపుపచ్చని పలక మీద నోరు తెరచిన మొసలి బొమ్మ ఉన్నది. ఆ సముద్రములోను, దానిలో కలిసే ప్రతి నదిలోను ఉప్పునీటి మొసళ్ళు తిరుగుతాయి. వానకాలములో ఒక జాతి విషపు జెల్లీచేపలు కూడా వస్తాయి. వాటి తీగలు ఒంటికి చుట్టుకుంటే నిమిషములలో ప్రాణము పోవచ్చును. పోటు, పాటు కూడా మన సముద్రమువంటివి కావు. ఒక్కొక్కప్పుడు పోటుకు పాటుకు నడుమ నీటిమట్టము ఎనిమిది మీటర్లు, అంటే రెండు తాటిమట్టుల నిచ్చెనలు ఒకదానిమీద ఒకటి నిలిపినంత తేడా ఉంటుంది. నీరు తీసినప్పుడు మడచెట్ల వేళ్ళు, బురద కనిపిస్తుంటే మాకు కృష్ణ సముద్రములో కలిసే చోటనున్న మా మడ అడవి గుర్తుకు వచ్చింది.

ఆ మొసళ్ళను ఒకప్పుడు తోళ్ళ కొరకు విచ్చలవిడిగా చంపినందున, 1971 నాటికి ఆ ప్రాంతములో సుమారు మూడు వేలు మాత్రమే మిగిలాయట. ఆ సంవత్సరమే వాటిని చంపరాదని చట్టము చేశారు. నేడు సుమారు లక్ష ఉన్నాయి. ఊరి మ్యూజియములో స్వీట్‌హార్ట్ అనే ముద్దుపేరు గల ఒక మొసలి కళేబరమును నింపి పెట్టారు. పొడవు 5.1 మీటర్లు. అది చేపలు పట్టేవారి మరపడవల మీద పదే పదే దాడి చేసింది గాని మనిషిని చంపలేదు. 1979లో దానిని పట్టి వేరొక చోటికి తరలించబోగా చనిపోయింది. ఇన్ని మొసళ్ళ నడుమ జనము ఎలా బ్రతుకుతున్నారు అని అడిగితే మా అల్లుడు, "బోర్డు ఉన్నచోట నీళ్ళలో దిగరు మామయ్యా, అంతే" అన్నాడు. అది చిన్న మాటగా తోచినది. కాని తరువాత ఎక్కడికి వెళ్ళినా ఆ మాటే మా ముందుకు వస్తూ వచ్చింది.

ఊరిలోని పార్లమెంటు భవనము ఉన్నచోట ఒకప్పుడు పోస్టాఫీసు ఉండేది. 1942 ఫిబ్రవరి 19 ఉదయము జపాను నౌకల నుండి లేచిన 188 విమానములు డార్విన్ మీద బాంబులు కురిపించాయి. అది సుమారు పది వారముల క్రితము పెర్ల్ హార్బరును కొట్టిన నౌకాదళమే. మధ్యాహ్నము మరి 54 విమానములు వచ్చాయి. ఆ దినము కనీసము 235 మంది చనిపోయారు. రేవులో ఓడలు మునిగాయి. పోస్టాఫీసు దగ్గర కందకములో దాగిన పోస్టుమాస్టరు, ఆయన భార్య, కుమార్తె, తోటి ఉద్యోగులు అక్కడనే మరణించారు. అదే సంవత్సరము ఏప్రిల్ 6న మన విశాఖపట్నము, కాకినాడ రేవుల మీద కూడా జపాను బాంబులు పడిన సంగతి మా పెద్దలు చెప్పగా విన్నాము. గనుక ఆ కథ మాకు పరాయిది అనిపించలేదు.

అయితే మా మనస్సును పట్టినది చనిపోయినవారి లెక్క కాదు. డార్విన్‌కు ఉత్తరాన బాథర్స్ట్ అనే ద్వీపములో ఒక కతోలిక మిషను ఉండేది. అక్కడి గురువు ఫాదర్ జాన్ మెక్‌గ్రాత్ ఆ ఉదయము తన నెత్తి మీదుగా విమానముల దండు దక్షిణముగా పోవుట చూచి, 9 గంటల 35 నిమిషములకు వైర్‌లెస్ ద్వారా డార్విన్‌కు కబురు చేశాడు. ఆ కబురు రెండు నిమిషములలో వైమానిక దళమునకు చేరింది. కాని ఆ సమయమునకే అమెరికా విమానములు కొన్ని వాతావరణము బాగుండక తిరిగి వస్తున్నందున, ఇవి కూడా అవే అయి ఉంటాయని అనుకున్నారు. సైరను మ్రోగలేదు. 9 గంటల 58 నిమిషములకు బాంబులు పడ్డాయి. నడుమ ఇరువది నిమిషములు! కందకములలోనికి పరుగెత్తుటకు, ఓడల నుండి దిగుటకు ఆ కొద్ది సమయము ఎంతమందికి అక్కరకు వచ్చేదో గదా. చెప్పినవాడు ఉన్నాడు, విన్నవారు దానికి తమకు తోచిన అర్థము చెప్పుకున్నారు.

ఇక మేము దేని నిమిత్తము వెళ్ళామో ఆ సంగతికి వస్తాము. 1974 డిసెంబరు నెల మొదట్లో సెల్మా అనే తుఫాను డార్విన్ వైపు వస్తున్నదని హెచ్చరికలు చేశారు. జనము కిటికీలు బిగించారు, నీళ్ళు నింపుకున్నారు. సెల్మా దారి తప్పి వెళ్ళిపోయింది. మూడు వారములు తిరుగకముందే ట్రేసీ అనే వేరొక తుఫాను సముద్రములో పుట్టింది. అది కూడా ప్రక్కగా పోతున్నట్టే కనిపించి, డిసెంబరు 24 ఉదయము మలుపు తిరిగి, నేరుగా ఊరి ముఖము పట్టింది. మధ్యాహ్నమునకే రేడియోలో ఆ మాట చెప్పారు. కాని ఆ సాయంత్రము క్రిస్మసు సాయంత్రము! ఇళ్ళలో విందులు, చుట్టములు, పిల్లలకు బహుమానములు. "సెల్మా కూడా ఇలాగే అన్నారు" అని చాలామంది పెద్దగా పట్టించుకొనలేదు.

అర్ధరాత్రి దాటిన తరువాత గాలి విరుచుకుపడింది. విమానాశ్రయములోని గాలి కొలిచే యంత్రము గంటకు 217 కిలోమీటర్ల వేగము చూపించి, ఆపైన విరిగిపోయింది. తెల్లవారేసరికి ఊరిలోని ఇళ్ళలో నూటికి డెబ్బదికి పైగా కూలినవో, పనికిరాకుండా పోయినవో అయ్యాయి. సముద్రములో చిక్కుకొనిన వారితో కలిపి 66 మంది చనిపోయారు. అప్పటి జనాభా 47 వేలు ఉంటే, వారము తిరుగకముందే 35 వేల మందిని బయటి ఊళ్ళకు తరలించారు. ఒక్క పెద్ద విమానములోనే 670 మందికి పైగా ఎక్కించారట. క్రిస్మసు ఆరాధనకు వెళ్ళవలసిన ప్రజలు కట్టుబట్టలతో విమానము మెట్లు ఎక్కారు.

మ్యూజియములో ఆ తుఫానుకు ఒక విభాగమున్నది. ఆ రాత్రి ఒక కతోలిక గురువు టేపురికార్డరులో పట్టిన గాలి శబ్దమును ఒక చీకటి గదిలో వినిపిస్తారు. తలుపు వేయగానే చీకటి. మొదట ఈలవంటి ధ్వని, ఆ తరువాత రేకులు ఈడ్చుకుపోతున్నట్టు ఒక అరుపు. మేమిద్దరము ఒకరి చెయ్యి ఒకరము పట్టుకున్నాము. ఆ శబ్దము మాకు తెలుసు. బడి డాబా మీద ఆ రాత్రంతా దానినే విన్నాము. ఎక్కువసేపు నిలువలేక బయటికి వచ్చి కూర్చున్నాము. అమ్మాయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి ఏమీ అడుగలేదు.

స్మిత్ వీధి చివర ఆంగ్లికన్ సంఘమువారి క్రీస్తు దేవాలయము ఉన్నది. 1902లో రాతితో కట్టిన ఆ దేవాలయము ట్రేసీ రాత్రి కూలిపోయింది. యుద్ధములో మరణించినవారి జ్ఞాపకార్థము 1944లో దాని ముందర కట్టిన వసారా ఒక్కటే నిలిచింది. 1977లో క్రొత్త దేవాలయము కట్టినప్పుడు ఆ పాత వసారాను తీసివేయక, దానినే గుమ్మముగా ఉంచుకున్నారు. నేటికిని ఆరాధనకు వెళ్ళేవారు ఆ పాత రాళ్ళ క్రింద నుండియే లోపలికి వెళ్ళవలెను. మేము కూడా అలాగే వెళ్ళి, కాసేపు మౌనముగా కూర్చున్నాము. మన దివిసీమలో ఉప్పెన వచ్చి సర్వము పోయిన ఆ 1977వ సంవత్సరమే ఇక్కడ క్రొత్త దేవాలయము ప్రతిష్ఠించబడినదని రాతిమీద చూచి మా కన్నులు చెమర్చాయి.

ఊరిని మరల కట్టేటప్పుడు ఇంజనీర్లు ఒక సంగతి కనిపెట్టారు. గోడలు బలహీనమై ఇళ్ళు పడలేదు. మొదట పైకప్పు రేకులు లేచిపోయాయి. గాలి విసురు తగ్గుతూ హెచ్చుతూ గంటల తరబడి రేకును ఊపగా, మేకు చుట్టూ రేకు అలసి చీలిపోయింది. మనము తీగను అటు ఇటు వంచి విరిచినట్టే. కప్పు పోగానే గోడలకు ఆధారము పోయింది. అందుచేత కప్పును గోడలతోను, గోడలను పునాదితోను ఇనుప కడ్డీలతో బిగించి కట్టవలెనని క్రొత్త నియమములు చేశారు. మా అమ్మాయి ఉన్న ఇల్లు అలాగు కట్టినదే. అల్లుడు మమ్మును పెరటివైపు తీసుకొని వెళ్ళి ఆ బిగింపులు చూపించాడు.

అమ్మాయి ఇంకొకటి చూపించింది. బట్టల బీరువా అడుగున ఒక ప్లాస్టిక్ పెట్టె. అందులో టార్చిలైటు, బ్యాటరీతో పనిచేసే రేడియో, నీళ్ళ డబ్బాలు, మందులు, డబ్బాలలోని ఆహారము, పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు, ఒక బైబిలు. "నవంబరు రాకముందే ఇవన్నీ సరిచూచుకుంటాము నాన్నా. పెరట్లో పాత సామాను ఉంచము. వానల ముందు ప్రతి ఏడు మునిసిపాలిటీవారు వచ్చి ఇంటింటి పాత సామాను తీసుకుపోతారు. గాలిలో రేకుముక్క కత్తివంటిది గదా" అని చెప్పింది. ఆమె ముఖములో భయము లేదు. భయపడవలసిన దానిని ఎరిగి, చేయవలసినది చేసినవారి నిబ్బరము ఉన్నది.

ఆగస్టు నెలలో అల్లునికి సెలవు దొరికినప్పుడు అడవి ప్రాంతములకు ప్రయాణమైనాము. మొదట లిచ్‌ఫీల్డు అనే వనమునకు వెళ్ళాము. అక్కడి చెదపుట్టలు చూచి తీరవలసినవి. కొన్ని అయిదు మీటర్ల ఎత్తున బురుజులవలె నిలిచి ఉన్నాయి గనుక వాటికి దేవాలయపు పుట్టలని పేరు. మరి ఒక రకము పలుచగా, సమాధి రాళ్ళవలె వందల కొలది మైదానములో నిలిచి, అన్నియు ఉత్తర దక్షిణములుగానే ఉన్నాయి. ఉదయము, సాయంత్రము ఎండ వెడల్పు వైపున, మిట్టమధ్యాహ్నపు ఎండ సన్నని అంచు మీద పడునట్లు కట్టుకొన్నందున లోపల వేడి హెచ్చదు. వానకు నేలంతా నీరు నిలుస్తుంది గనుక చెదలు మనవలె భూమి లోతునకు పోయి చల్లదనము వెదకుకొనలేవు. కన్ను కనిపించని చెదపురుగు కూడా రాబోయే ఎండను, వానను ఎరిగి ఇల్లు కట్టుకొంటున్నది! అక్కడి జలపాతపు మడుగులలో ఈదనిస్తారు. కాని ప్రతి వానకాలము తరువాత అడవిశాఖవారు వెదకి, మొసలి లేదని తేల్చిన తరువాతనే బోర్డు మారుస్తారు.

అక్కడి నుండి కకాడూ వనమునకు వెళ్ళాము. దాని విస్తీర్ణము దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. మన పాత కృష్ణా జిల్లా రెండు పెట్టినా ఇంకా మిగులుతుంది. 1981లో ప్రపంచ వారసత్వ స్థలముగా దానిని గుర్తించారు. రోడ్డు ప్రక్కన పొడి నేలలో మీటర్లు గుర్తులు వేసిన కొయ్యలు నిలిచి ఉన్నాయి. ఇవి దేనికని అడిగితే, వానకాలములో రోడ్డు మీద ఎంత లోతు నీరు నిలిచిందో చూచుకొనుటకు అన్నారు. దుమ్ము రేగుతున్న ఆ ఎండలో రెండు మీటర్ల నీటిని ఊహించుకొనుట కష్టమే.

పసుపునీటి మడుగు అనే చోట పడవ ఎక్కాము. తామరలు, వేల కొలది బాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, గట్టున ఎండ కాచుకొంటున్న మొసళ్ళు. ఎడ్లపాకవంటి వాసన వస్తే చూచి, చెట్ల చాటున గేదెలను గుర్తుపట్టాము. వాటిని 1820ల కాలములో ఇంగ్లీషువారు ఇండోనేషియా ద్వీపముల నుండి తెచ్చి విడిచిపెట్టి పోగా అడవిగేదెలైనాయి. అవి గుంపులుగా త్రొక్కి గట్లు తెగగొట్టినందున ఉప్పునీరు మంచినీటి మడుగులలోనికి పారి చెట్లు చచ్చిపోయాయట. 1980లలో పశువుల క్షయరోగము అరికట్టే నిమిత్తము వాటిని వేల సంఖ్యలో తగ్గించిన తరువాత నేల కోలుకొన్నది. ఉప్పునీరు పొలములోనికి వస్తే ఏమవుతుందో మన డెల్టా రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు.

కకాడూ ఎవరూ లేని అడవి కాదు. బినింజ్, ముంగుయ్ అనే ఆదివాసులు దానికి హక్కుదారులు. ప్రభుత్వముతో కలిసి వారే నేటికిని ఆ వనమును చూచుకుంటున్నారు. అక్కడ మజెడ్‌బెబె అనే రాతి చరియ క్రింద దొరికిన పనిముట్లను బట్టి మనుష్యులు 65 వేల సంవత్సరములుగా ఉన్నారని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వారి సంవత్సరమునకు ఆరు ఋతువులు. ఒక జాతి చెట్టు పూత పూయగానే అడవిలో ఎండుగడ్డిని ముక్కలు ముక్కలుగా కాల్చే పని మొదలుపెడతారు. తరువాత ఎండలలో పెద్ద దావానలము రాకుండుటకు ఇదే కాపుదల. తొలకరి ఉరుములు వినగానే పూర్వము వారు పల్లపు మైదానములు విడిచి ఎత్తైన రాతి చరియలకు కాపురము మార్చేవారు. మన పెద్దలు రోహిణి, మృగశిర, ఆరుద్ర అని కార్తెలు లెక్కపెట్టి విత్తనము వేసినట్టే, వారును ఆకును, పురుగును, గాలిని చూచి నడుచుకొన్నారు. ఉరుము వినబడిన తరువాత పల్లములో కూర్చుండి, "చూద్దాములే" అన్నవాడు ఆ నేలలో బ్రతికి బట్టకట్టలేడు.

ఉబిర్ అనే కొండ గోడల మీద వారి పూర్వికులు వ్రాసిన బొమ్మలు ఉన్నాయి. ఎముకలు, పేగులు కూడా కనిపించునట్లు వ్రాసిన పెద్ద చేప ఒకటి చూచి మాకు నవ్వు వచ్చింది. అది మన పండుగప్పే! మా ఊరి చెరువులలో పెంచే ఆ చేపనే అక్కడివారు బారముండి అంటారు. దానికి కొంచెము దూరములో కీళ్ళు వాచిన మనుష్యుల బొమ్మ ఉన్నది. ఫలానా చోట రాళ్ళు కదిలిస్తే ఈ రోగము వస్తుంది, అక్కడికి పోవద్దని చెప్పే బొమ్మ అది. చదువురాని పిల్లలకు సహితము అర్థమయ్యే హెచ్చరిక పలక.

ఆ వనపు దక్షిణ భాగములో జావోయిన్ ప్రజల నేల ఉన్నది. అక్కడి ఒక ప్రాంతమును రోగపు నేల అంటారు. దానిని త్రవ్వితే లోకమునకే కీడు అని వారి పెద్దలు తరతరములుగా చెప్పుచున్నారు. ఆ రాళ్ళలో యురేనియము ఉన్నదని తరువాత తెలిసింది. అక్కడి గురాట్బా అనే కొండలో బంగారము, ప్లాటినము ఉన్నవని కంపెనీలు త్రవ్వబోగా, జావోయిన్ వృద్ధులు కాదన్నారు. చాలా వాదోపవాదములైన తరువాత 1991లో ప్రధానమంత్రి బాబ్ హాక్ ప్రభుత్వము, అక్కడ గని వద్దని నిర్ణయించి ఆ కొండను కకాడూలో చేర్చింది. వారి నమ్మకములు మన విశ్వాసము కావు. అయినను తన నేలను ఎరిగిన వృద్ధుని మాటను ఒక దేశపు మంత్రివర్గము చెవిని పెట్టిందని విని మేము సంతోషించాము. 1942లో వినబడని మాట, 1974లో వినబడని మాట, 1991లో వినబడింది.

సెప్టెంబరు చివర తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయములో అమ్మాయి, "ఇప్పుడైనా నిశ్చింతగా ఉంటారా అమ్మా?" అని అడిగింది. తల్లిదండ్రులకు నిశ్చింత అనేది పూర్తిగా ఎప్పుడు ఉంటుంది? తుఫాను రాదని ఎవరును చెప్పలేరు. కాని చెప్పేవాడు, వినేవాడు ఇద్దరును ఆ ఊరిలో ఉన్నారని చూచాము. అది మాకు చాలు. మా దిగులు అప్పుడు మన ఊరి మీదికి మళ్ళింది.

వచ్చిన తరువాత మా సంఘములోని యౌవనస్థులతో కూర్చుండి ఒక జాబితా వ్రాశాము. నడువలేని వృద్ధులు ఎవరు, నిండు చూలాలు ఎవరు, ఒంటరిగా ఉన్నవారు ఎవరు, ఏ ఇంటికి ఎవరు వెళ్ళి పిలువవలెను అని. క్రైస్తవులని, ఇతరులని చూడక పేట అంతయు వ్రాశాము. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురము దగ్గర తీరము దాటింది. ముందు దినమే అధికారులు వచ్చి చెప్పారు. పిల్లలు జాబితా పట్టుకొని ఇంటింటికి వెళ్ళి జనమును షెల్టరుకు చేర్చారు.

పాకలో ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన మాత్రము కదలలేదు. "2023 డిసెంబరులో కూడా ఇలాగే తరుముకు వచ్చారు. తుఫాను బాపట్ల పోయింది, నా పాకకు ఈనె కూడా ఊడలేదు" అన్నాడు. మేమిద్దరము వెళ్ళి ఆయన మంచము మీద కూర్చున్నాము. సెల్మా కథ చెప్పాము. ఆ తరువాత వచ్చిన క్రిస్మసు రాత్రి కథ చెప్పాము. చివరకు మా ఇంటి పెద్ద 1977లో అన్న మాట చెప్పాము. ఆయన చాలాసేపు ఊరకుండి, మేకను విప్పి, మా వెంట వచ్చాడు.

మరునాడు తిరిగి వెళ్ళి చూస్తే పొలములో వరి ఒరిగిపోయింది గాని, ఆయన పాక చెక్కుచెదరలేదు. "చూశారా?" అని మావైపు చూచి నవ్వాడు. మేమును నవ్వాము. ఆయన ఇల్లు నిలిచినందుకు దేవునికి స్తోత్రము చెప్పుకున్నాము.

కాని ప్రియులారా, ఆ నవ్వే మాకు ఇప్పుడు భారముగా ఉన్నది. తప్పిపోయిన తుఫాను తరువాత వచ్చే హెచ్చరికయే అన్నిటికంటె కష్టముగా వినబడేది. డార్విన్ ప్రజలు సెల్మాకు కిటికీలు బిగించి, ట్రేసీకి విందు చేసుకున్నారు. కావలివాడు పదిసార్లు కేక వేసి, తొమ్మిదిసార్లు ఏమీ రాకపోయినా, పదవసారి కూడా అతడు కేక వేయవలెను, మనము లేవవలెను. మీ పేటలో కూడా అటువంటి జాబితా ఒకటి వ్రాసుకొనండి. వానలు వచ్చిన తరువాత కాదు, ఎండలు ఉన్నప్పుడే. అందులో మొదటి పేరుగా, పోయినసారి షెల్టరుకు వచ్చి, "ఏమీ కాలేదే" అని నవ్వుతూ ఇంటికి వెళ్ళినవాని పేరు వ్రాయండి. మేము మా జాబితాలో ఆ పెద్దాయన పేరు పైకి మార్చాము.